పాము చెవులాయన ఎంచిన బోర్డు

ఆ ఇంటి కింది వాటాలో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లు తయారవుతాయి. చేసేది ఇద్దరే. టంకం వేసి పెట్టె బిగించేది బావమరిది. విని, ఇది అమ్మొచ్చు, ఇది పనికిరాదు అని తేల్చేది బావ. కొనేవాళ్ళు ఆయనకు పాము చెవులాయన అని పేరు పెట్టారు. పక్కగదిలో గడియారం ఆగిపోతే ముందు ఆయనకే తెలుస్తుందని చెప్పుకునేవారు. అలాంటి పేరొకటి వచ్చిందంటే మనిషి ఇక దానికి కాపలా కాస్తూ బతకాల్సిందే.

ఇన్నాళ్ళూ వాళ్ళ పెట్టెలో డాక్ ఉండేది కాదు. డాక్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. ఫోనులోనో కంప్యూటరులోనో అంకెలుగా దాగి ఉన్న పాటను మళ్ళీ చెవికెక్కే పాటగా మార్చే చిన్న బోర్డు. కావలసినవాడు విడిగా కొనుక్కుంటాడులే అని బావ భీష్మించుకు కూర్చున్నాడు. కానీ అన్నీ ఒక్క పెట్టెలోనే ఉండాలని కొనేవాళ్ళు ప్రాణం తీస్తుంటే దిగిరాక తప్పలేదు. రెండు రకాల బోర్డులు తెప్పించారు. ఒకటి ఎంచి ఆ సాయంత్రంలోగా ఆర్డరు పెట్టాలి. ఎంచాక ఏడాదంతా దానితోనే కాపురం.

వినడానికి వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది. బావ హెడ్‌ఫోన్ పెట్టుకుని గోడకేసి తిరిగి కూర్చుంటాడు. వెనక బల్ల దగ్గర బావమరిది మీట తిప్పి బోర్డులు మారుస్తాడు, ఏది ఏదో చచ్చినా చెప్పడు. ముందుగా రెంటి మోతా సమానం చేయాలి, లేకపోతే కాస్త గట్టిగా మోగినదాన్నే చెవి మెచ్చుకుంటుంది. అందుకని మోత బాగా పెంచి, ఆగకుండా సాగే కూతలు పంపించి మీటరుతో సరిచూస్తారు. మొదట బొంగురుది, తర్వాత మధ్యరకం, చివరికి సన్నటిది. కూతలు నడుస్తున్నంతసేపూ హెడ్‌ఫోన్ పిన్ను ఊడదీసి ఉండాలి. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి అది మరిచిపోయినందుకు బావమరిది వీపు విమానం మోత మోగింది.

మొదటి విడత వినడం అయింది.

"మొదటిదే," అన్నాడు బావ తడుముకోకుండా. "నీళ్ళంత తేటగా ఉందిరా. రెండోది ముక్కుతో పాడినట్టుంది."

మొదటి బోర్డులో పాట వెనక సన్నటి కీచు ఉంది. బావమరిది దాన్ని పొద్దున తగిలించినప్పుడే విన్నాడు. చెవి దగ్గర దోమలాంటిది, ఒకసారి పట్టుబడితే ఇక వదలదు. పూర్వపు బావైతే ఆ బోర్డును విసిరికొట్టేవాడు.

నిజానికి ఈ అనుమానం కొత్తది కాదు. కిందటి సరుకులో కొన్ని పెట్టెలు ఇదే ఫిర్యాదుతో తిరిగొచ్చాయి. "చెవులా అవి, చేటలా?" అని బావ కొన్నవాళ్ళనే దులిపేశాడు. బావమరిది మాత్రం ఆయన భోజనానికి లేచినప్పుడు వాటిని విప్పి, లోపం సరిచేసి, గుట్టుచప్పుడు కాకుండా పంపేశాడు. అది మర్యాద అని తనకు తాను చెప్పుకున్నాడు. పిరికితనమని లోపల తెలుసు. అమ్మా నాన్నా పోయాక అక్క వెంట ఈ ఇంటికొచ్చినవాడు. టంకం కడ్డీ పట్టుకోవడం దగ్గర్నుంచి చెవి పెట్టి వినడం దాకా ఆయనే నేర్పాడు. అలాంటి మనిషికి నీకు వినపడటం లేదు అని ఏ మొహంతో చెబుతాడు?

"ఇంకొక్కసారి విందాం బావా."

"ఎందుకూ? చెప్పాగా."

"మోత సమానంగా లేదేమో. మళ్ళీ సరిచూస్తా."

"సరే, ఏడువు," అన్నాడు బావ, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే.

బావమరిది పిన్ను ఊడదీశాడు. కూతలు ఒకదాని తర్వాత ఒకటి పంపి సరిచూశాడు. మనసు మనసులో లేదు. చెప్పాలా వద్దా అని కొట్టుకుంటూ, చివరి సన్నటి కూత ఆపకుండానే పిన్ను గుచ్చేశాడు.

గుచ్చిన మరుక్షణం, బల్ల ఇవతల ఉన్న తనకే ఆ కూత సూదిలా దిగింది. ఇక బావ హెడ్‌ఫోన్ పెరికిపారేసి మీదికొస్తాడని మెడ ముడుచుకున్నాడు. రావాలని, నాలుగు తగిలించాలని ఎంతగా కోరుకున్నాడో!

బావ చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు చూస్తూ తీరుబడిగా కూర్చుని ఉన్నాడు.

"ఏంట్రా, నిద్రపోయావా? మొదలెట్టు."

బావమరిదికి ఏడుపొచ్చింది. మీట మీద చెయ్యి ఉంది గాని కదల్లేదు. ఇంతలో పక్కగదిలో అట్టపెట్టెలు సర్దుతున్న అక్క, రెండు చెవులూ మూసుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఏంట్రా ఆ కూత! తల పగిలిపోతోంది."

"ఏ కూత?" అన్నాడు బావ ఇటు తిరిగి.

ఆయన భార్య వంక చూశాడు. తర్వాత మీటరు వంక చూశాడు. ముల్లు పైకి లేచి నిలబడి ఉంది. హెడ్‌ఫోన్‌ను కుడివైపు అదుముకున్నాడు, ఎడమవైపు అదుముకున్నాడు. పెద్దమనిషి ముఖం తప్పిపోయిన పిల్లవాడి ముఖంలా అయిపోయింది.

"తిరిగొచ్చిన పెట్టెలు?" అని అడిగాడు.

"వాళ్ళు చెప్పింది నిజమే బావా. నేనే బాగుచేసి పంపా."

"మరి ఇప్పుడు నేను మెచ్చుకున్నది?"

"దాంట్లోనూ కీచుంది."

బావ తలూపాడు. "రెండోదే ఆర్డరు పెట్టు," అన్నాడు. ఎందుకనీ ఏమిటనీ బోర్డు గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆ బల్ల దగ్గర ఆయన కారణం చెప్పకుండా ఎంచింది అదే మొదలు.

"మీ అక్క నిలబడలేకపోతోంది. ఆపు."

బావమరిది కూత కట్టేశాడు. బావ అటు చూడలేదు. హెడ్‌ఫోన్ తీయకుండానే, భార్య చేతులు చెవుల మీంచి ఎప్పుడు దిగుతాయా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.