తప్పు రంపానిది కాదు

మేస్త్రి ఐదు నెలలుగా సరిగ్గా నిద్రపోలేదు. ఆ సంగతి చెప్పాలని గట్టిగా అనుకుని బామ్మర్ది ఇంటికి బయలుదేరడం ఇది నాలుగో ఆదివారం. మొదటి మూడు ఆదివారాలూ మేడమెట్లు ఎక్కేదాకా మాట నాలుక చివరే ఉంది. తీరా కుర్చీలో కూర్చున్నాక పాత కబుర్లు ఎక్కడినుంచి ఊడిపడ్డాయో ఊడిపడ్డాయి. రెండు గంటలు నవ్వుకుని, టీ తాగి, చెప్పాల్సిన ముక్క చెప్పకుండానే దిగివచ్చాడు.

మగవాళ్ల సంగతి ఇంతే. ఇద్దరు కలిస్తే మోకాలినొప్పి దగ్గర మొదలుపెట్టి మంత్రివర్గాన్ని మార్చేదాకా ఆగరు. ‘నాకు బాగోలేదు’ అనడానికి మాత్రం నోరు పెగలదు. అదేమంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఒక సామెత అడ్డం పెట్టుకుంటారు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత కూడా ఆ నోటితోనే చెబుతారు, అది వేరేవాళ్లకి.

ఈ ఆదివారం మాత్రం వాయిదా వేసే వీల్లేదు. మొన్న గురువారం కూరగాయల సంచీతో రైలుపట్టాల మీది వంతెన దాటుతూ మేస్త్రి మధ్యలో ఆగాడు. ఇక్కడితో అయిపోతే బాగుండుననిపించింది. అలా అనిపించినందుకే వణుకు పుట్టి, సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చిపడ్డాడు. కూరగాయలేవని భార్య అడిగితే మర్చిపోయానన్నాడు.

బామ్మర్ది ఆరడుగుల మనిషి. అందుకే అందరూ అతన్ని పొట్టి అంటారు. మేడమీది గదిలో పాత కుర్చీలకు ప్లాస్టిక్ వైరు అల్లుతూ బతుకుతున్నాడు. బావను చూడగానే చేతిలో కుర్చీ వదలకుండానే కాలితో పీట జరిపాడు.

“రా బావా. ఎక్కడ ఆపాం పోయినవారం?”

ఇంకేముంది, ఇద్దరూ పాత అడితి కబుర్లలో పడ్డారు.

ఆ కలప అడితిలో వాళ్లిద్దరూ పదకొండేళ్లు ఒకే రంపం లాగారు. గుంటమీద అడ్డంగా దుంగ, దుంగమీద మేస్త్రి, గుంటలో పొట్టి. ఇంత పొడుగువాణ్ణి గుంటలో దింపడమేమిట్రా అని జనం నవ్వితే, పైన నిలబడితే మబ్బులు తగులుతున్నాయనేవాడు. ఎవరివైపుకి వాళ్లు లాగాలి తప్ప తోయకూడదు. ఒకరు లాగేటప్పుడు రెండోవాడు చెయ్యి వదులు చెయ్యాలి. అలా లాగీ లాగీ, అవతలివాడు రాత్రి సరిగ్గా తిన్నాడో లేదో కూడా రంపమే చెప్పేది. కోసిన పచ్చికలప వాసన, గుంటలోంచి లేచే వెచ్చటి రంపపు పొట్టు, మధ్యాహ్నం పలకలమీద ఇద్దరూ తీసే కునుకు... ఆ రోజుల్లో తను ఎంత సుఖంగా ఉన్నాడో మేస్త్రికి ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత పొట్టి నడుంనొప్పని మానేశాడు. మరొకడితో రంపం కుదరలేదు. మిషను వచ్చింది. మేస్త్రి ముప్ఫయ్యేళ్లు ఆ మిషనులోకి పలకలు తోసి, ఐదు నెలల కిందట అడితి మూతపడితే ఇంట్లో కూర్చున్నాడు.

“అన్నీ బాగానే ఉండేవి కానీ, ఆ ఆఖరి ఏడాది రంపమే చెడిపోయిందిరా,” అన్నాడు మేస్త్రి. “ఎంత పదును పెట్టినా కోత సాగేది కాదు. రోజూ గంట ముందొచ్చి ఆకురాయితో రుద్దేవాణ్ణి. ఏం ఇనుమో ఏమో!”

పొట్టి అల్లడం ఆపాడు.

“ఆడలేక మద్దెలోడన్నట్టు, దాన్నెందుకంటావు బావా? తప్పు రంపానిది కాదు.”

“మరి?”

“నాకే బాగుండేది కాదు. నడుం కాదు, మనసు. పొద్దున లేవాలంటేనే ఏడుపొచ్చేది. గుంటలో తలమీద తువ్వాలు కప్పుకుని ఏడ్చేవాణ్ణి. కళ్లలో పొట్టు పడిందనుకునేవాళ్లు. నువ్వేమో రోజురోజుకీ పదును పెంచి తెచ్చేవాడివి. నా పని చాలట్లేదని నోటితో అనలేక రంపంతో చెబుతున్నావనుకున్నాను. అందుకే మానేశా.”

మేస్త్రి నిర్ఘాంతపోయాడు.

“ఓరి నీ... నీకు తేలిగ్గా ఉంటుందని కదరా పెట్టాను!”

“నాకేం తెలుసు? నువ్వు అడగలేదు.”

“నువ్వు చెప్పలేదు.”

మేస్త్రికి సిగ్గేసింది. వాడి చేతిలో సత్తువ తగ్గిందని తన అరచేతికి తెలుసు. తెలిసీ ఏడాదిపాటు ఇనుముకి వైద్యం చేశాడు. ఏమైందిరా అని ఒక్కసారి గుంటలోకి వంగి అడిగి ఉంటే సరిపోయేది.

“తర్వాత ఎలా తగ్గింది?” అన్నాడు మెల్లగా.

“ఆస్పత్రికెళ్లా. రెండేళ్లు మందులేసుకున్నా. బుధవారం బుధవారం ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి మాట్లాడించేది. మొదటి మూడు బుధవారాలు వానల గురించే మాట్లాడా.”

మేస్త్రికి పకపకా నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ మలుపు తిరిగిందో అతనికే తెలియలేదు. భుజాలు కుదిపేస్తూ ఏడుపొచ్చేసింది.

“నాకు బాగోలేదురా,” అన్నాడు.

చెప్పాడు. నిద్ర సంగతి చెప్పాడు. వంతెన సంగతి చెప్పాడు. పొట్టి కుర్చీ పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు. ధైర్యంగా ఉండు, మగాడివి కదా లాంటి మాటలేవీ అనలేదు.

“ఇప్పుడూ అలాగే అనిపిస్తోందా?”

“ఇప్పుడు లేదు. పొద్దున ఉంది.”

“సరే. రేపు పొద్దున్నే ఆస్పత్రికి ఇద్దరం వెళ్దాం. అప్పటిదాకా నువ్వు ఒక్కడివీ ఉండకూడదు, నేనూ మీ ఇంటికే వస్తా. అక్కకి చెబుదాం.”

“మీ అక్కకొద్దురా. బెంగపెట్టుకుంటుంది.”

“నేనూ ఆ మాటే అనుకుని ముప్ఫయ్యేళ్లు దాచాను. పద.”

వాళ్లు వెళ్లేసరికి ఆవిడ మంచంమీద ఉతికిన బట్టలు కుప్పపోసుకుని మడతలు పెడుతోంది. మొగుడూ తమ్ముడూ గడపలో నిలబడి గుటకలు మింగుతుంటే చూసి, “ఏం పగలగొట్టొచ్చారు?” అంది.

మేస్త్రి చెప్పాడు. రెండోసారి చెప్పడం సులువనుకున్నాడు కానీ, ఆవిడ ముఖం చూస్తూ చెప్పడం ఇంకా కష్టమైంది. ఆవిడ అడ్డురాలేదు. వంతెన మాట వచ్చినప్పుడు మాత్రం చేతిలో చొక్కా వదిలేసి, ఆయన చెయ్యి పట్టుకుంది. మళ్లీ వదల్లేదు.

తర్వాత పొట్టి తన కథ చెప్పాడు. గుంటలో ఏడుపు, నడుంనొప్పి అబద్ధం, డాక్టరమ్మ.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

“అయితే నువ్వు పని మానేసింది నా మాటకి కాదా?”

“ఏ మాటక్కా?”

“ఆ రోజు కోపంలో అన్నాను కదరా... మా ఆయన రెక్కలమీద బతుకుతున్నావని. మర్నాడే నువ్వు మానేశావు. నావల్లే నా తమ్ముడు కడుపు మాడ్చుకున్నాడని... ఎవరితో చెప్పుకోను? ఈయనకెలా చెప్పను?”

పొట్టి ఎంత తవ్వి చూసుకున్నా ఆ మాట దొరకలేదు.

“నాకసలు గుర్తే లేదక్కా,” అన్నాడు.

ఆవిడ ఏడ్చింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, మంచంమీది బట్టలన్నీ ఒక్క చేత్తో గోడవైపుకి నెట్టేసింది.

“కూర్చోండి ఇద్దరూ,” అంది. “మొదట్నుంచి చెప్పండి. నాకు పనేం లేదు.”