ఇంకా పొద్దుంది

నాలుగో గదిలో మంచం మీది దుప్పటి లాగి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది దొర్వలీనా. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ ఆరు గదుల లాడ్జిలో పక్కలు వేస్తున్న మనిషి. దుప్పటి నలిగిన తీరు చూసి ఎవరు ఎలా నిద్రపోయారో చెప్పేస్తుంది. కొత్త దంపతులు, నడుంనొప్పి వాళ్ళు, దిగులుతో దొర్లేవాళ్ళు, ఎవరి గుట్టు వాళ్ళ దుప్పటే చెప్తుంది. ఈ గది ఆయన మాత్రం మూడు రాత్రులూ ఒకే పక్కన, కదలకుండా పడుకున్నాడు. పైగా పొద్దున్నే లేచి పక్క తనే సర్దేస్తాడు, అదీ తప్పుగా. దాన్ని విప్పి మళ్ళీ వేయడం ఆమెకు రెట్టింపు పని.

దొర్వలీనాకు అరవై ఒకటి. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. సబ్బు నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర గీతలు అరిగిపోయాయి. మొన్నామధ్య గుర్తింపు కార్డు కోసం వేలిముద్ర తీసుకుంటే పడనే లేదు. ఆ ఆఫీసులో పిల్ల మూడుసార్లు ప్రయత్నించి, "ఏమిటి పిన్నీ, నువ్వు ఉన్నట్టా లేనట్టా?" అంది. ఆ మాటకు ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉంది.

నాలుగో గది ఆయన సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పేరు వేయ్కో. ఎక్కడో మంచు దేశం. అక్కడ ట్రామ్ నడిపి రిటైరయ్యాడట. ఆరడుగుల పైన పొడుగు, మా ఎండకు ముక్కు పొట్టు ఊడిపోయింది. మా పెద్రా మాన్సాకు ఎవరైనా దారి తప్పి రావాలి తప్ప కావాలని రారు. ఉన్నదల్లా ఒక చర్చి, దాని ముందు చౌకు, వానాకాలంలో మాత్రమే కనిపించే జలపాతం. ఈయన ఆగస్టులో వచ్చాడు. ఎండిన బండ ఎదురుగా గంటసేపు కూర్చుని, సంతోషంగా తిరిగొచ్చాడు.

"బయల్దేరుతున్నారా? మంచిది. ఈసారి మా ఇంటికి రండి, కాఫీ తాగుదురుగాని," అంది దొర్వలీనా.

మా ఊళ్ళో ఈ మాట అనని వాళ్ళు లేరు. వెళ్ళే వాళ్ళను ఊరికే పంపకూడదు కనుక అంటాం. ఇల్లెక్కడో చెప్పం, అవతలి వాళ్ళు అడగరు. "తప్పకుండా వస్తాం" అని వాళ్ళూ అబద్ధమాడతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని, అంతే.

వేయ్కో జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"ఎన్ని గంటలకు?"

దొర్వలీనా చేతిలో దిండు జారింది. "ఏమిటీ?"

"కాఫీ. ఎన్ని గంటలు? ఇల్లు... ఎక్కడ?"

ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఆ ప్రశ్న వేసిన పాపాన పోలేదు. "నాలుగింటికి," అనేసింది, ఏమనాలో తోచక. "చర్చి వెనక వీధి. నీలం తలుపు."

"నాలుగు," అని రాసుకున్నాడు. "బస్సు ఆరు. బాగుంది." మధ్యలో రెండు గంటలుంటుందన్నట్టు రెండు వేళ్ళు చూపించి, చౌకు వైపు నడిచాడు.

ఆ తర్వాత దుప్పట్లు ఉతుకుతున్నంతసేపూ ఆమెకు అదే ఆలోచన. వస్తాడా? రాడు. ఎందుకొస్తాడు? టైము అడిగాడు కదా. అడిగితే?

ఆమె దిగులు కాఫీ గురించి కాదు, అల్తీనో గురించి. ఆమె భర్త అల్తీనో నలభై ఏళ్ళు పాల లారీ నడిపాడు. ప్రతి దొడ్డి గేటు దగ్గరా పాల క్యాను ఎక్కించుకోవడానికి రెండు నిమిషాలు, కబుర్లకు ఇరవై. ఆ లారీ పెట్రోలుతో కాదు, అల్తీనో నోటితో నడుస్తుందని ఊళ్ళో వేళాకోళం. పోయిన ఏడాది జూన్‌లో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. పోగా పోగా మిగిలింది ఒక్కటే మాట: "ఇంకా పొద్దుంది."

ఇంటికొచ్చిన వాళ్ళు లేవగానే మేం అనే మాట అది. "అప్పుడేనా? ఇంకా పొద్దుంది, కూర్చోండి." దానికి వాళ్ళు "లేదు లేదు, వెళ్ళాలి" అనాలి. అని గుమ్మంలో నిలబడి ఇంకో పావుగంట మాట్లాడి పోవాలి. నిజంగా మళ్ళీ కూర్చునే వాడు మా తాతల కాలం నుంచీ లేడు. అల్తీనో ఆ మాట జీవితంలో ఎన్ని వేలసార్లు అన్నాడో, తలలో మాటలన్నీ చెరిగిపోయినా అది చెరగలేదు. సూపు గిన్నె చూపిస్తే "ఇంకా పొద్దుంది". స్నానానికి లేపితే "ఇంకా పొద్దుంది". ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి నోట్లో ప్రసాదం పెట్టబోతే కూడా అదే అన్నాడు. ఫాదర్‌కు నవ్వాగలేదు.

మొదటి నెల జనం విరగబడి వచ్చారు. ఏం చెప్పినా ఒకటే జవాబు వచ్చేసరికి ఇబ్బంది పడ్డారు. ఐదు నిమిషాలకే లేచేవాళ్ళు. ఆయన "ఇంకా పొద్దుంది" అనేవాడు, వాళ్ళు "లేదు, వెళ్ళాలి" అనేవాళ్ళు. తర్వాత తర్వాత వీధి అవతలి నుంచే చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. చెడ్డవాళ్ళు కాదు. అయినా అల్తీనో రోజూ నాలుగయ్యేసరికి చొక్కా గుండీలన్నీ పెట్టించుకుని, తల దువ్వించుకుని, గుమ్మం ముందు కుర్చీలో కూర్చుంటాడు. పక్కన రెండో కుర్చీ వేసేదాకా ఊరుకోడు. పద్నాలుగు నెలలుగా ఆ కుర్చీని వేయడం, తీయడం దొర్వలీనా పని. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి దాంట్లో ఓ గంట కూర్చుంటే చాలునని ఆమె మొక్కని దేవత లేదు.

రెండింటికే లాడ్జి నుంచి వచ్చేసి ఓవెన్ వెలిగించింది. కర్రపెండలం పిండిలో చీజు కలిపి ఉండలు చేస్తుంటే, ఎదురింట్లో ఉండే ఆడపడుచు జెనయీద్ వాసన పట్టుకుని వచ్చేసింది.

"ఏమిటి వదినా, పండగా?"

"చుట్టం వస్తున్నాడు. లాడ్జిలో ఆ పొడుగాయన."

"మాటవరసకు పిలిస్తే నిజంగా వస్తారటే ఎవరైనా!"

"టైము అడిగాడు. పుస్తకంలో రాసుకున్నాడు."

"రాసుకున్నవన్నీ చేస్తారా మగాళ్ళు? మా ఆయన పెళ్ళిరోజు ఏకంగా సంతకమే పెట్టాడు."

దొర్వలీనా నవ్వలేదు. "మీ అన్నయ్యతో అనకు. రాకపోతే బాధపడతాడు," అంది మెల్లగా. అంటూనే తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. జెనయీద్ ఆ చొక్కా వంక చూసి, చేతులు కడుక్కుని పిండి ముద్ద ముందుకు లాక్కుంది.

చర్చి గంట నాలుగు కొట్టింది. నాలుగో దెబ్బకు వేయ్కో వీధి మలుపు తిరిగాడు, భుజాన సంచీతో. రెండు ఇళ్ళ తలుపులు చూసి, నీలం తలుపు దగ్గర ఆగి, టోపీ తీశాడు. దొర్వలీనా గుమ్మం దిగి ఎదురెళ్ళింది. అల్తీనో ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, ఎడమ చేత్తో పక్క కుర్చీని తట్టాడు.

వేయ్కో కూర్చున్నాడు. ఆయనకు మా భాష ఓ యాభై మాటలు వచ్చు. అల్తీనోకు ఒక్కటి. ఇద్దరూ వీధి వంక చూస్తూ కూర్చున్నారు. మామూలుగా మా వాళ్ళు ఆ నిశ్శబ్దానికే భయపడి పారిపోయేది. ఈయన మాత్రం వాళ్ళ దేశంలో అందరూ ఇంతే అన్నట్టు హాయిగా కాళ్ళు చాపుకున్నాడు. చిన్న బల్ల మీద కాఫీ, వేడి వేడి ఉండలు, జామపండు మిఠాయి పెట్టింది దొర్వలీనా. తొమ్మిది ఉండలు తిన్నాడు. ఆమె లెక్కపెట్టలేదు గానీ జెనయీద్ కిటికీలోంచి లెక్కపెట్టింది.

నాలుగున్నరకు మర్యాదగా లేచాడు. "కాఫీ చాలా బాగుంది. నేను వెళ్తాను."

"ఇంకా పొద్దుంది," అన్నాడు అల్తీనో.

వేయ్కో ఆకాశం వంక చూశాడు. నిజమే, ఇంకా పొద్దుంది. "అవును," అని మళ్ళీ కూర్చున్నాడు.

దొర్వలీనా చేతిలో కాఫీ కూజా అలాగే ఉండిపోయింది. అల్తీనో మొహంలో మొదట ఆశ్చర్యం. తర్వాత వంకర పోయిన ఆ పెదవుల్లోంచి నవ్వు. పద్నాలుగు నెలల్లో ఆయన అన్న మాటను మాటగా విన్న మనిషి ఈయనే. ఆమె గబగబా వంటింట్లోకి పోయి, పొయ్యి వైపు తిరిగి ఏడ్చింది. కాఫీ మళ్ళీ పెట్టింది.

ఐదుంబావుకు మళ్ళీ లేచాడు. "ఇంకా పొద్దుంది." మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి అల్తీనో ఆ మాట అనడానికి ముందు కాస్త ఆగి, గొంతు సర్దుకుని, పెద్దమనిషి తరహాలో అన్నాడు.

తర్వాత వేయ్కో సైగలు మొదలుపెట్టాడు. ట్రామ్ హ్యాండిల్ ఎలా తిప్పేవాడో, గంట ఎలా మోగించేవాడో చూపించాడు. అల్తీనోకు అర్థమైపోయింది. ఎడమ చెయ్యి ఎత్తి గాలిలో స్టీరింగు పట్టుకున్నాడు. మట్టి రోడ్డు మలుపులన్నీ తిప్పాడు. గేరు మార్చాల్సిన చోటు వచ్చింది. ఒళ్ళో పడున్న కుడిచేతి వంక చూశాడు. వేయ్కో చెయ్యి చాచి, ఇద్దరి కుర్చీల మధ్య గాలిలో గేరు మార్చాడు. అల్తీనో తల ఊపి స్టీరింగు తిప్పాడు. అరవై దాటిన ఇద్దరు మగవాళ్ళు అలా చెక్క కుర్చీల్లో కూర్చుని పాల లారీ నడుపుకుంటూ పోయారు.

ఆరుకు ఐదు నిమిషాలుందనగా జెనయీద్ పెరటి దారిన వచ్చి, చీపురు తలకిందులుగా తలుపు వెనక నిలబెట్టింది. అలా పెడితే చుట్టం లేచిపోతాడని మా నమ్మకం.

"ఏం చేస్తున్నావే?"

"బస్సు పోతుంది వదినా, పాపం! మళ్ళీ రేపటిదాకా లేదు. చెప్పు ఆయనకు!"

దొర్వలీనా చీపురు తీసి మామూలుగా పెట్టింది. "నువ్వు నోరు మూసుకుని ఇంటికి పో."

ఒకసారి ఎవరో కళ్ళజోడు మరిచిపోతే, ఒంటి చెప్పుతో బస్సు వెనక పరుగెత్తి ఇచ్చొచ్చిన మనిషి ఈమె. మేజోడు దొరికినా ఉతికి దాచేది. చౌకులో బస్సు బయల్దేరే ముందు మా డ్రైవరు మూడుసార్లు హారను కొడతాడు. మోగింది. "మీ బస్సు" అంటే సరిపోతుంది, రెండే మాటలు. నోటిదాకా వచ్చాయి. ఎదురుగా అల్తీనో, ఎదురు బండికి డ్రైవర్లు చేసినట్టు, స్టీరింగు మీంచి చెయ్యెత్తి హారనుకు సలాం చేశాడు. వేయ్కో కూడా చెయ్యెత్తాడు. పాపం, అది తన బస్సేనని ఆయనకు తెలియదనుకుంది ఆమె. దొర్వలీనా నోరు తెరవలేదు. తప్పు చేస్తున్నానని తెలిసే చేసింది.

ఆరున్నరకు మళ్ళీ లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. చల్లగాలి మొదలైంది. మూడో కాఫీ అయింది. వీధి దీపం వెలిగింది. వేయ్కో నాలుగోసారి లేచి నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని ఆగాడు. ఆ మాట కోసం చూశాడు. అల్తీనో కళ్ళు మూసుకుని ఉన్నాడు, తల కొంచెం పక్క కుర్చీ వైపు వాలి ఉంది. నిద్రపోయాడనుకుని వేయ్కో ఆ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, దొర్వలీనాకు తల వంచి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు. "మీ బస్సు..." అని ఆమె మొదలుపెట్టేలోపు వీధి మలుపు తిరిగాడు.

ఆమె కప్పులు కడిగింది. సూపు వేడి చేసింది. "ఏమయ్యా, లే, చలిగాలి," అని చొక్కా కాలరు సవరించబోయి, ఆ మెడ తాకి, అలాగే పక్క కుర్చీలో కూలబడింది. సూపు అడుగంటిన వాసన వచ్చేదాకా కూర్చుంది. తర్వాత జెనయీద్‌ను కేకేసింది.

ఆ రాత్రీ మర్నాడూ ఊరంతా వచ్చింది. వీధి అవతలి నుంచి చెయ్యి ఊపిన వాళ్ళందరూ వచ్చారు. అందరూ కూర్చున్నారు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు, కాఫీ పోసింది. వేయ్కో మాత్రం తెల్లవారుజామున పాల లారీలో వెళ్ళిపోయాడట. అల్తీనో పోయాడని కొత్త డ్రైవరు సైగలతో చెప్పాడట. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడని, దిగేదాకా మళ్ళీ పెట్టుకోలేదని ఆ డ్రైవరే వచ్చి చెప్పాడు. ఆ మాట విన్నాక దొర్వలీనాకు రెట్టింపు బాధ. ముక్కూ మొహం తెలియని మనిషికి బస్సు తప్పించి, క్షమించమని అడిగే దారి కూడా లేకుండా చేసుకుంది.

ఏడో రోజు పూజ అయ్యాక ఇల్లు సర్దుతూ, వదినా మరదళ్ళు గుమ్మం ముందున్న చిన్న బల్లను లోపలికి జరపబోయారు. దానికి ఒక కాలు పొట్టి. పెళ్ళినాటి నుంచీ ఊగుతూ, పోసిన కాఫీలో సగం సాసర్లోకి ఒలకబోసే బల్ల అది. జెనయీద్ ఎత్తగానే పొట్టికాలి కింది నుంచి మడిచిన కాగితం పడింది.

"ఎవరు పెట్టారే ఇది?" అంది దొర్వలీనా.

ఆ సాయంత్రం మొదటి కాఫీ ఒలికింది, గుడ్డ తేవడానికి దొర్వలీనా లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చాక చుక్క ఒలకలేదు. అల్తీనో రెండో కప్పు ఎడమ చేత్తోనే, చొక్కా తడవకుండా తాగాడు. అప్పుడది గమనించనే లేదామె.

జెనయీద్ మడతలు విప్పి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. చదివి, వదిన చేతికిచ్చింది.

దొర్వలీనా గుమ్మంలో కూర్చుని, వారం రోజులుగా రాని ఏడుపంతా ఏడ్చింది. తర్వాత కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, వంగి, బల్లకాలి కింద దాని చోటే పెట్టింది. అదొక బస్సు టికెట్టు: పెద్రా మాన్సా నుంచి, సాయంత్రం ఆరు గంటలు, పదకొండో సీటు, అంచు చించనిది.