గుండుసూది మొనంత పుప్పొడి

పప్పు గిన్నె పెడదామని ప్రిస్సిల్లా ఫ్రిజ్ తెరిస్తే తలుపు అరలో వేలెడంత గాజుసీసా కనబడింది. అడుగున చిటికెడు పసుప్పచ్చటి పొడి. పసుపును ఫ్రిజ్‌లో పెడతారా ఎవరైనా? మూత తీసి వాసన చూసింది. ఏ వాసనా లేదు. చెమ్మ పట్టి పాడైనట్టుంది, ఇది కూరలో వేసుకుంటే పిల్ల కడుపు ఏమైపోవాలి అనుకుంటూ కాగితం మీద పరిచి కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది. చెమ్మ పట్టిన పొడి ఏదైనా ఆవిడ చేతిలో పడిందంటే ఎండ చూడాల్సిందే.

టెక్సాస్‌లోని కాపెల్ నుంచి హవాయిలోని ఈ పెద్ద దీవికి ఆవిడ వచ్చి నాలుగు రోజులయింది. కూతురు లూసీ ఇక్కడి కొండ మీద పాత అడవిని తిరిగి పెంచే పనిలో ఉంది. పందులు రాకుండా కంచె వేయడం, బయటినుంచి వచ్చి పాతుకుపోయిన మొక్కల్ని పీకడం, ఆ నేలలో పుట్టిన చెట్లనే నాటడం. అగ్నిపర్వతం పొంగుతుందేమో, పిల్ల లోయలోకి జారుతుందేమో అని రెండేళ్లుగా ప్రిస్సిల్లా తమ తెలుగు చర్చిలో అందరిచేతా ప్రార్థన చేయిస్తూనే ఉంది.

ఇరవై నిమిషాలకి పొడిని మళ్లీ సీసాలో పోసి యథాస్థానంలో పెట్టేసింది. స్నానం చేసి వచ్చిన లూసీ ఆ సీసానే జాగ్రత్తగా ఐసు డబ్బాలో సర్దుకుంటుంటే మాత్రం అది పసుపేనా అని ఆవిడకి అనుమానం వచ్చింది.

తల్లిని కూడా ఎక్కించుకుని కొండకి బయల్దేరాక కారులో లూసీ నోరు ఆగలేదు. హాహా అనే చెట్లలో ఒక జాతికి ఆ అడవిలో ఒక్క చెట్టే మిగిలిందట. వంకర ముక్కు పిట్టలు దాని పుప్పొడి మోసేవి. దోమలు తెచ్చిన జబ్బుతో అవి పోయాక చెట్టు పూస్తోందే గాని కాయడం లేదు. అదే జాతిలో చచ్చిపోయిన మరో చెట్టు గింజతో నర్సరీలో పెంచిన మొక్క నిన్న మొదటిసారి పూసిందట. నర్సరీ ఫ్రిజ్ చెడిపోయిందని ఆ పుప్పొడిని ఇంటికి తెచ్చిందట. కొండ మీది చెట్టుకి ఉన్నది ఒకటే పువ్వు. దానికి ఇవాళే అద్దాలి, రేపటికి వాడిపోతుంది.

అయితే ప్రిస్సిల్లా ఎండబెట్టింది ఆ పుప్పొడినే అన్నమాట. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. కాయ పడకపోతే వాన మీదో గాలి మీదో పెట్టుకుంటారు. కానీ పిల్ల రోజూ వెళ్లి ఆ కొమ్మకేసి చూస్తుందే!

"కారు ఓ పక్కకి ఆపు తల్లీ."

"వామిటింగా, మమ్మీ?"

"ఆ సీసాలోది ఎండలో పెట్టాను. పసుపనుకున్నాను."

లూసీ కారు ఆపింది. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ప్రిస్సిల్లాకి. ఎంతసేపు పెట్టావని మాత్రం అడిగింది. ఇరవై నిమిషాలని చెబితే స్టీరింగ్ మీద తల ఆనించింది.

"ఫస్ట్ టెస్ట్ చేద్దాం," అంది కారు నర్సరీ వైపు తిప్పుతూ. "బతికుంటే వెళ్దాం."

నర్సరీలో కిమో అనే పెద్దాయన, ఆ దీవివాడే, పంచదార నీళ్ల చుక్కలో రవ్వంత పొడి వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ప్రాణమున్న రేణువుకి పోగు మొలుస్తుందట, రెండు గంటలు ఆగాలట. ఆ రెండు గంటల్లో ప్రిస్సిల్లా మనసులోనే పిల్ల ఉద్యోగం పోగొట్టింది, ఒక చెట్టు వంశాన్ని నిర్వంశం చేసిన టెక్సాస్ ఆవిడ అంటూ టీవీలో తన ఫొటో కూడా చూసేసుకుంది.

"మమ్మీ! ఇలా రా. చూడు."

ఆవిడ ఒక కన్ను మూసి వంగింది. ముత్యాల్లాంటి గుండ్రటి రేణువులు. వాటిలో ఒకదాని పక్కనుంచి వెంట్రుక కన్నా సన్నటి పోగు బయటికి వచ్చి ఉంది. దాని పక్కదానికీ ఉంది. ఇంకోదానికీ. పదింట మూడు బతికాయంది లూసీ. ప్రిస్సిల్లా కన్ను తియ్యనంటే తియ్యనంది. కిమో ఏదో అని నవ్వాడు. మీ అమ్మ వేపుడు చేసినా చావలేదు, ఇది మొండి చెట్టేనంటున్నాడని లూసీ తెలుగులో చెప్పింది.

ఇక పరుగే. కంచె దగ్గర ముగ్గురూ బూట్ల అడుగులు బ్రష్‌తో గీకి స్పిరిట్ చల్లుకున్నారు, బయటి మట్టిలో వచ్చే బూజు అడవి చెట్లని చంపుతుందట. లోపలికి రానిమ్మని అడవినే అడుగుతూ కిమో పాట ఎత్తుకున్నాడు. ప్రిస్సిల్లా కళ్లు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది.

చెట్టు మనిషెత్తు కూడా లేదు. సన్నటి కాండం మీద ఆకుల గొడుగు, దాని కింద కొడవలిలా వంగిన ఊదారంగు పువ్వు. లూసీ బ్రష్ తీసింది గాని చెయ్యి ఆగడం లేదు. ఒకసారి దించుకుంది, రెండోసారీ దించుకుంది.

"ఇటియ్యి."

"నీకు వచ్చా, మమ్మీ?"

"మన వీధిలో సొర పాదులన్నిటికీ మగపువ్వు తెచ్చి అద్దేది ఎవరనుకున్నావు? పువ్వులోంచి వచ్చిన ఈ నాలుక తడిగా ఉందా, అది చెప్పు."

ఉందంది లూసీ. ప్రిస్సిల్లా ఊపిరి బిగబట్టింది. ఆవిడ వేళ్లు వణకలేదు. బ్రష్ మొనతో ఒక్కసారి అద్దింది, సీసా అడుగున మిగిలింది కూడా తుడిచి మళ్లీ అద్దింది.

సొర పిందె అయితే నిలవనిది మూడో రోజుకే పండి రాలిపోతుంది. దీని లెక్క ఆవిడకి తెలీదు. తిరుగు టికెట్ వారం వాయిదా వేయించి, రోజూ పిల్లతో పాటు కొండెక్కింది. పువ్వు ఎండిపోయింది, తర్వాత రాలిపోయింది. పదో రోజు పొద్దున చూస్తే పువ్వు రాలిన చోట ముడి ఆకుపచ్చగా, బఠాణీగింజంత లావున బిగిసి ఉంది.

లూసీ కేక పెట్టి తల్లిని ఎత్తేసింది. ఇద్దరూ బురదలో పడ్డారు. కిమో టోపీ పైకి విసిరి పట్టుకున్నాడు. ప్రిస్సిల్లా ఏడుస్తోంది, నవ్వుతోంది, పిల్ల బుగ్గల నిండా బురద చేతులతో రాసేస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"ఇక్కడ ఎలుకలున్నాయా?"

"ఉన్నాయి, మమ్మీ."

"కాయలు తింటాయా?"

తింటాయనీ, ఇనప వల బండిలో ఉందనీ, భోజనమయ్యాక కడతామనీ లూసీ చెప్పింది. ప్రిస్సిల్లా ఆ చెట్టు మొదట్లోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కిమో వెళ్లి వల తెచ్చి నాలుగు పక్కలా బిగించేదాకా ఆవిడ అక్కణ్నుంచి లేవలేదు.