మోడల్ నోట్సు

నా చేతిరాత బాగుంటుందని మొదట కనిపెట్టింది ఎవరో గానీ, వాళ్ల నోట్లో మన్ను పడ! ఆ రోజు నుంచి తొమ్మిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పే దిక్కు లేకుండా పోయింది.

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. ఊళ్లో ఉన్న హైస్కూల్లోనే చదువు. మా లెక్కల సారు శాంసన్ మంచివాడే. కాకపోతే తనిఖీ అంటే ఆయనకు చలిజ్వరం. పైనుంచి ఎవరొచ్చినా పిల్లల్ని ఒక్క లెక్క కూడా అడగరు, నోట్సులే తిరగేస్తారు. సూత్రం చుట్టూ ఎర్ర గీతల పెట్టె ఉండాలి. దాని కింద ఉదాహరణ, ఆ కింద అభ్యాసం, పేజీ చివర 'నాకు ఇంకా అర్థం కానిది' అని ఒక గడి. పత్తి తీయడానికో మిరపకాయలు కోయడానికో పోయి బడికి రాని పిల్లల నోట్సులు ఖాళీగా ఉంటాయి కదా, అవన్నీ నింపే పని నాది. సారు బోర్డు దగ్గర లెక్క చెప్తుంటే నేను వెనక బెంచీలో తలొంచుకుని ఎవరిదో నోట్సు రాస్తుంటాను.

"మసరత్, నీకు చెవిన పడితే చాలు, వచ్చేస్తాదిలేమ్మా. నువ్వు రాసుకో," అంటాడు సారు.

ఎక్కడొస్తుంది నా మొహం! సమానం గుర్తుకు అటున్న అంకె ఇటు వస్తే ప్లస్సు మైనస్సు ఎందుకవుతుందో నాకు ఈనాటికీ తెలీదు. ఆ మైనస్సును మాత్రం స్కేలు పెట్టినట్టు గీస్తాను.

మా అక్క రిహానా పదిలో లెక్కలు తప్పింది. ప్రొద్దుటూరు కాలేజీలో చదవాలని దానికి ఎంత ఆశో! ఇప్పుడు పొద్దస్తమానం మిషను ముందర కూర్చుని రవికలు కుడుతోంది. వచ్చే ఏడు పది తప్పి నేనూ దాని పక్కనే కూర్చోవాలేమోనని తలుచుకుంటే నాకు అన్నం సయించదు. పది పరీక్షలో నా బదులు నా చేతిరాత లెక్కలు చెయ్యదు కదా.

ఒకరోజు అమ్మతో చెప్పేశాను. అమ్మ నా నోట్సు తీసి పేజీలు తిప్పింది.

"ఇంత చక్కగా రాసి, రాదంటావేందే? పేజీ పేజీకీ సారు టిక్కు పెట్టినాడు. సారు కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"అది నిజమే చెప్తాందేమో మా," అంది అక్క, మిషను ఆపి.

"నువ్వు నోరు మూసుకోని కుట్టు. నీ మాదిరి అనుకున్యావా దాన్ని?"

అక్క మళ్లీ మిషను తొక్కింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో కూడా తెలీలేదు.

లెక్కలు రావు, చెప్పమని సారును అడిగితే ఎగతాళి చేస్తున్నానని నవ్వాడు. సరే, నోటితో చెప్తే నమ్మరు, రాస్తే నమ్ముతారు కదా అని నా నోట్సు చివరి గడిలో 'మొదటి నుంచీ ఏదీ అర్థం కాలేదు' అని రాశాను. సారు చూసి అదిరిపడ్డాడు.

"నా కొంప ముంచుతాండావా తల్లీ! రేపే తనిఖీ. అది కానీ, ఆ తర్వాత నిన్ను కూర్చోబెట్టి చెప్తా. సరేనా?"

ఆ గడి మీద తెల్లకాగితం అంటించి 'ఏమీ లేదు' అని రాయమన్నాడు. రాశాను. అది కూడా అందంగానే వచ్చింది, నా కర్మ.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. నోట్సుల కట్టలోంచి నాది లాగి అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఎవరిదమ్మా ఇది?"

లేచి నిలబడ్డాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదనిపించింది.

"నాదే సార్. కానీ నాకు లెక్కలు రావు."

క్లాసంతా గొల్లుమంది. ఆఫీసరు కూడా నవ్వాడు. "చూశారా మాస్టారూ, ఎంత అణకువో!"

"నిజం సార్. ఏదైనా లెక్క ఇచ్చి చూడండి." శాంసన్ సారు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఈ నోట్సు చూశాక ఇంక పరీక్ష ఎందుకమ్మా? పులివెందుల వైపు బళ్లకు కూడా చూపించాలి దీన్ని," అంటూ నా నోట్సు తన సంచిలో పెట్టుకున్నాడు.

ఆఫీసరు జీపు గేటు దాటగానే సారు పరుగున వచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు. ఆనందంతోనే.

"నా పరువు నిలబెట్టినావమ్మా! పదో తరగతి మోడల్ నోట్సు కూడా నీతోనే రాయించమన్నాడు. రేపట్నుంచి లెక్కల పీరియడ్‌లో నువ్వు క్లాసులో కూర్చోనక్కర్లే. స్టాఫ్ రూములో ఫ్యాను కింద హాయిగా రాసుకో."

"సార్, మరి నాకు చెప్తానన్నది..."

"నీకేం చెప్పేది తల్లీ, ఆఫీసరే మెచ్చుకున్యాక!"

మర్నాడు గోడ అవతల సారు లెక్క చెప్తున్నాడు, పిల్లలు ఏదో అడుగుతున్నారు. స్టాఫ్ రూములో నేను గీతలు కొడుతూ ఏడుస్తున్నాను. కన్నీళ్లు పడితే సిరా చెదురుతుంది, ఆ పేజీ మళ్లీ మొదట్నుంచి రాయాలి. అందుకని మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చాను.