గొడ్రాలి పేరు

"శుభమా అని సుట్టాలొత్తే ఆ గొడ్రాలు ఎదురొచ్చిందేటి!" అంది అత్త సోములమ్మ. రాజకుమారి చేతుల్లో చోడి అంబలి గిన్నెలున్నాయి. అంబలి కాచింది తనే, నీళ్లు మోసింది తనే, వాకిలి అలికింది తనే. చాకిరీకి పనికొచ్చిన చెయ్యి శుభానికి పనికిరాదన్నమాట! వచ్చినవాళ్లు పిల్లనిచ్చేవాళ్లు. ఆమె మొగుడు ఫల్గుణకి రెండో పెళ్లి సంబంధం.

ఒకప్పుడు ఇద్దరూ అడవిలో ఒకే దళంలో తుపాకులు మోశారు. అక్కడ వంట వంతులవారీగా. ఫల్గుణ వంతు వచ్చినరోజు అన్నం చిమిడిపోయేది, అయినా అందరూ నవ్వుకుంటూ తినేవాళ్లు. పెళ్లి చేసుకోవాలంటే ముందు ఇద్దరిలో ఒకరు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాలన్నది దళం నియమం. "ఆ బరువు ఆడదాని మీదే ఎందుకెయ్యాల?" అంటూ ఫల్గుణ తనే ముందుకొచ్చి చేయించుకున్నాడు. ఆ మాటకే ఆమె అతణ్ణి ప్రేమించింది. వెర్రిది.

యుద్ధం అయిపోయింది. ఇద్దరూ కలిసే లొంగిపోయారు. కొండ మీదికి తారురోడ్డొచ్చింది, సెల్ టవరొచ్చింది, అరకు చూడ్డానికొచ్చే కార్లు ఊళ్లో ఆగి కాఫీ అడుగుతున్నాయి. ఫల్గుణకి దండలేసి, సర్పంచిగా నిలబెడతామన్నారు పెద్దలు. రాజకుమారికి పొయ్యి దొరికింది. విశాఖలో డాక్టరు మళ్లీ ఆపరేషన్ చేసి సరిచేయొచ్చన్నాడని చెబితే, అతను ఇంతెత్తున ఎగిరాడు. "ఊళ్లో తెలిత్తే నన్ను మగోడంటారా? నిన్ను నాలుగు మాటలంటే నీకేటి అరిగిపోద్దా?" మొగుడి పరువు కదా అని ఆ నాలుగు మాటలూ ఆమె ఇన్నాళ్లూ నోరు మూసుకుని పడింది.

ఇప్పుడు ఆ మనిషే చాప మీద కూర్చుని, తల దించుకుని, "అమ్మ మాట కాదనలేను," అంటున్నాడు. పిల్ల తల్లి రమణి వెనక ఆ పిల్ల సౌందర్య కాలి వేలితో నేల గీస్తోంది. పెళ్లయిన ఏడాదికి ఈ గుంటకీ ఇదే పేరు పెడతారు. అది తట్టగానే రాజకుమారికి ఒళ్లు మండిపోయింది. తుపాకీ దింపినందుకు ఆమె ఏనాడూ ఏడవలేదు. ఇలాంటివాడి కోసం నోరు మూసుకున్నందుకు ఏడుపొచ్చింది.

గిన్నెలు కింద పెట్టింది.

"రమణి పిన్నీ, నీ కూతుర్ని ఇత్తే ఇయ్యి, నానెల్లిపోతన్నాను. కానీ ముందు ఈయన్ని అడుగు, అడివిలో పిల్లలు పుట్టకుండా కోయించుకున్నది ఎవరో."