మా బావ నమ్మే దేవుడు

మా బావ నవలలు చదివి నిద్ర పట్టలేదని జనం ఉత్తరాలు రాస్తారు. చావులు, శవాలు, తలుపుల వెనక ఊపిరి చప్పుళ్లు, అంతా ఆయన సరుకే. ఆ ఉత్తరాలు చదువుకుని మురిసిపోతాడు. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం మాత్రం పుస్తకాలు కాదు, ఆ మనిషే. ఆయన పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా పరాయివాళ్ల తప్పులు వెతికి వెతికి, ఎవరైనా శుభ్రంగా కనిపిస్తే ఎక్కడో ఏదో దాచాడనుకునే బుద్ధి పట్టుకుంది. "నీకు ముఖం కడుక్కున్న ప్రతివాడూ దొంగేనే," అంటుంది మా అక్క.

దేవుణ్ని నమ్ముతారా అని పత్రికలవాళ్లు అడిగితే, "ఇంకా పరిచయం కాలేదండీ," అని బావ నవ్వేస్తాడు. ఏ ప్రార్థనకూ రాడు, ఎవరికీ దణ్ణం పెట్టడు. అలాంటివాడు రోజూ ఉదయం పదింటికి మేడమీది గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు. అరగంట సేపు గొణుగుడు. అక్కను అడిగితే, "ఆయన పనిలే, వదిలెయ్," అంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ తలుపు ఒక్కసారి కూడా తట్టలేదట. నేనైతే విరగ్గొట్టి ఉండేదాన్ని.

అక్కకు గుండె కవాటం పాడైంది. శుక్రవారం ఆపరేషన్. అదే వారం బావ కొత్త నవల చివరి ప్రూఫులు నా బల్ల మీదికి వచ్చాయి. ఆఖరి అధ్యాయంలో ఒక లెక్కల టీచరు గుండె ఆపరేషన్ జరుగుతూండగా చచ్చిపోతుంది. ఆ టీచరు కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. కోపమొస్తే పిల్లల్ని వదిలేసి తిరగని ఫ్యానును తిడుతుంది. మా అక్కే, అచ్చం మా అక్కే. చదువుతూ ఏడ్చాను. ఏడ్చినందుకు ఇంకా ఒళ్లు మండింది. బతికున్న పెళ్లాన్ని చంపి పేజీలు నింపుకునేవాడు మనిషా?

మంగళవారం పొద్దున అక్క ఇంటికి వెళ్లాను. అక్క మందు వేసుకుని పడుకుంది. పది కాగానే బావ పైకి వెళ్లాడు. నేను చెప్పులు విడిచి, పిల్లిలా మెట్లెక్కి, తలుపుకు చెవి ఆనించాను. లోపల ఆ అధ్యాయమే చదువుతున్నాడు, గొంతు దించి, ఒక్కో మాటా ఎవరికో వడ్డిస్తున్నట్టు. టీచరు ఊపిరి ఆగిన చోట తనూ ఆగాడు.

"సరిపోతుందా? ఇంకా బాధ పెట్టమంటావా?"

గదిలోకి ఆయన తప్ప ఇంకెవరూ వెళ్లలేదు. జవాబు వినబడుతుందేమోనని చెవి రిక్కించి అక్కడే నిలబడిపోయాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఏం మరదలా, మెట్లు తుడుస్తున్నావా?"

"ఎవరితో మాట్లాడుతున్నారు బావా?"

"పనుండి మాట్లాడుతున్నాలే," అని దిగి వెళ్లిపోయాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగాడేమోనని వాసన చూశాను. తాగలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

పేరూ ఊరూ లేని దేనికో నా అక్కను అప్పజెబుతున్నాడని ఖాయం చేసుకున్నాను. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ అక్క ప్రాణం దగ్గర నా నమ్మకంతో పనేముంది? ఆఫీసుకు వెళ్లి, ఏనాడూ చేయని పని చేశాను. ఆ చావు ఉన్న ఏడు వాక్యాలనూ ఎవరికీ కనబడకుండా నల్లగా పులిమేసి, పక్కన "ఆమె కళ్లు తెరిచింది" అని రాశాను. చివరి ప్రూఫు రచయిత చూడడు, నా సంతకమే ఆఖరు. సంతకం చేసి ప్రెస్సుకు పంపేశాను.

గురువారం మధ్యాహ్నం అక్కను ఆసుపత్రిలో చేర్చారు. బావ ఏవో కాగితాల కోసం కిందికి వెళ్లగానే, తలుపు దగ్గర విన్నదంతా అక్కకు చెప్పేశాను. "ఆపరేషన్ కాగానే మా ఇంటికి వచ్చెయ్. ఆ మనిషి దగ్గర నిన్ను ఉంచను," అన్నాను.

అక్క దగ్గు వచ్చేదాకా నవ్వింది. "పిచ్చిదానా, అది ఆయన ప్రార్థనే."

"అదేం ప్రార్థన?"

"మా పెద్దాడికి రెండేళ్లప్పుడు నెలరోజులు జ్వరం తగ్గలేదు, గుర్తుందా? పిల్లాడు పోయినట్టు ఈయన కథ రాశాడు. అది పత్రికలో అచ్చయిన రోజే వాడు లేచి ఆకలన్నాడు. అప్పట్నుంచీ ఈయనకొక దేవుడు దొరికాడు. ఆ దేవుడికి ఏడుపు కావాలట. ఎవరిదైనా పర్వాలేదట. చదివినవాళ్లు ఏడిస్తే మన వాటా తీరిపోతుందట. మనకేమవుతుందోనని ఈయన భయపడినవన్నీ ముందే రాసేశాడు. నాన్న కళ్లు పోవడం, నీ కారు ప్రమాదం..."

"నా కారు ప్రమాదమా?"

"నువ్వు కారు కొన్న ఏడాది వచ్చిన నవల. నువ్వే దిద్దావుగా! ఆ లోయలో పడింది ఎవరనుకున్నావే?"

ఆ నవల్లో పిల్ల నోటిదురుసు, అందరినీ అనుమానించే రకం. దిద్దుతున్నప్పుడే నాకు విసుగొచ్చింది.

"చేత్తో రాసింది చెల్లదట, అచ్చవ్వాలట," అని అక్క నవ్వడం ఆపి నా చెయ్యి పట్టుకుంది. "ఇవన్నీ నమ్ముతానని కాదు. కానీ ఈసారి భయంగా ఉందే. పుస్తకంలో నేను పోయుంటే కాస్త ధైర్యం. ఆయన చూపించడు. నువ్వు చదివావుగా, పోయానా?"

"పోయావు," అన్నాను.

"బాగా ఏడిపించాడా?"

"బాగా."

"హమ్మయ్య," అని అక్క కళ్లు మూసుకుంది.

టాక్సీలో ప్రెస్సుకు చేరేసరికి ఆఖరి పేజీల ఫారం మెషీన్‌కు ఎక్కిస్తున్నారు. ఆపమని అరిచాను. ఫోర్‌మన్ కంగారుగా వచ్చాడు.

"మీరే కదా మేడమ్ సంతకం చేశారు! ఆయన పుస్తకంలో ఒక్కరైనా బతికారని మేమంతా సంతోషపడ్డాం."

"తప్పు పడింది."

"ఎవరిది?"

"నాదే," అన్నాను. ఇరవై రెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

పులిమేసిన వాక్యాలు ఇప్పుడు నా బుర్రలోనే ఉన్నాయి. ఫోర్‌మన్ ఇచ్చిన తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టాను. వేళ్లు చల్లబడటం, నర్సు గడియారం చూడటం, డాక్టరు తొడుగులు తీసెయ్యడం, అన్నీ రాశాను. ఫోర్‌మన్ తీసుకుని రెండుసార్లు చదివాడు.

"ఇంతకీ ఆవిడ పోయినట్టా, ఉన్నట్టా? అది రాయలేదే!"

మెషీన్ మనుషులు పని ఆపి నావైపే చూస్తున్నారు. కాగితం వెనక్కి తీసుకుని ఆ వాక్యం రాశాను. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, ఇది కూడా ఆ దేవుడి వాటాలో పడితే పడనీ అనుకున్నాను.

"తడిసిపోయింది మేడమ్, టైపు చేసేవాడికి అర్థం కాదు. ఇంకోసారి రాయండి," అని ఫోర్‌మన్ కొత్త కాగితం ఇచ్చాడు.

కళ్లు తుడుచుకుని, మా అక్క చనిపోయిందని, ఎవరు చదివినా తెలిసేలా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను.