సీటు వెనక నిమ్మకాయ

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండి ఒక్క అడుగు కదలకముందే దానికి ‘కృష్ణవేణి’ అని పేరు పెట్టేశారు ఆ ఇంజినీరింగ్ పిల్లలు. పేరు 2007లో పెడితే, బండి 2008 ఆగస్టుకి గాని కదలలేదు. కదిలాక మాత్రం చూసినవాళ్లు నోళ్లు తెరిచారు. పొగ లేదు, చప్పుడు లేదు. సీటు వెనకున్న సిలిండర్లోంచి హైడ్రోజన్ ఒక ప్లాస్టిక్ గొట్టం గుండా ముందున్న ఫ్యూయెల్ సెల్‌లోకి పోతుంది, అక్కడ గాలితో కలిసి కరెంటు పుడుతుంది, వెనక నాలుగు నీటిబొట్లు రాలతాయి. మైలవరం రోడ్డులోని ఆ కాలేజీలో అంతకుముందు చెప్పుకోదగ్గ వింత ఏదీ పుట్టలేదు కాబట్టి, క్యాంటీన్‌వాళ్లు కూడా వచ్చి ఆ నీటిబొట్లు చూసి పోయేవారు.

ఆ శుక్రవారం షెడ్డు బయట లారీ సిద్ధంగా ఉంది. మర్నాడు పొద్దున ఏడింటికల్లా చెన్నైలో కాలేజీ బండ్ల పోటీవాళ్లు దాన్ని తనిఖీ చేస్తారు. పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆలోపు పూజ అయిపోవాలని కరస్పాండెంట్ రామకోటేశ్వరరావుగారి ఆజ్ఞ. పాత స్కూటర్ కొన్నా కొబ్బరికాయ కొట్టనిదే తాళం తిప్పని మనుషులం, దీనికి చెయ్యకపోతే ఎలా అన్నారాయన. బయటేమో వాన, ఈదురుగాలి. హారతి కొండెక్కితే అపశకునమని షట్టర్లు రెండూ దింపించి, గోడకున్న పెద్ద ఫ్యాను కూడా ఆపించారు. రేకులు కారుతున్నాయని వారం కిందట బండి పైన కట్టిన నీలం పట్టా అలాగే ఉంది. దాని కింద నలభై మంది ఉక్కలో ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు.

సిలిండర్ బాధ్యత నాగమల్లేశ్వరిది. కొల్లేటి లంకలో చేపపిల్లల వ్యాపారం చేసే పోలరాజు కూతురామె. చేపపిల్లల సంచుల్లోకి ఆక్సిజన్ పట్టడం చూస్తూ పెరిగిన పిల్ల కదా అని గ్యాసు పనంతా జట్టు ఆమెకే అప్పగించింది. గొట్టం మీదున్న పన్నెండు బిగింపులూ ఆమె బిగించినవే. ఇంకొకటి కూడా ఆమే కట్టింది గాని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయిన ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు తల్లి పెద్దింట్లమ్మ, బండికి దిష్టి తగలకుండా కట్టమని నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి ఇచ్చింది. కాబోయే ఇంజినీరు బండికి నిమ్మకాయ కడుతోందని జట్టువాళ్లు నవ్వుతారని, సీటు వెనక ఎవరి కంటా పడకుండా కట్టేసింది. ఆ తల్లి ఇప్పుడు మొదటి బస్సుకే వచ్చి, హారతి కళ్లకద్దుకోవడానికి అందరికంటే ముందు నిలబడి ఉంది.

పదీ పదికి నాగమల్లేశ్వరి అలవాటుగా సిలిండర్ మీదున్న మీటరు చూసింది. తొమ్మిదింటికి సిలిండర్ తెరిచినప్పుడు ముల్లు నలభై మీద ఉంది. ఇప్పుడు ముప్పై మీద ఉంది. బండి అంగుళం కదల్లేదు. మరి ఆ పది ఎక్కడికి పోయినట్టు?

హైడ్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు. పగటి వెలుగులో దాని మంట కూడా కంటికి ఆనదు. అన్నిటికంటే తేలిక కాబట్టి కారినదంతా పైకే పోతుంది. దారి ఉంటే ఆకాశంలో కలిసిపోతుంది. ఇక్కడ దారులన్నీ మూసేశారు, పైన పట్టా కట్టి ఉంది. ఆమె ముందు సిలిండర్ కట్టేసింది. ఇప్పటికే పైన పోగైనదాన్ని కట్టేసే మర మాత్రం ఎక్కడా లేదు. తలెత్తి చూస్తే పట్టా ఎప్పటిలాగే ఉంది, అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది.

జట్టు నాయకుడు సిద్ధార్థ చెవిలో విషయం చెప్పింది. నాలుగు నెలల కిందట ఒక వైరు కాలి కాస్త పొగ వచ్చినందుకే కరస్పాండెంట్‌గారు షెడ్డుకి వారం తాళం వేయించారు. ఇంకోసారి ఏ కాస్త తేడా వచ్చినా బండి గేటు దాటదని అప్పుడే చెప్పేశారు.

“గ్యాస్ అన్న మాట ఆయన చెవిన పడిందంటే మన ఏడాది కష్టం బూడిదే మల్లీ,” అన్నాడు సిద్ధార్థ, పెదవులు కదపకుండా. “వానకి చల్లబడి ముల్లు దిగుంటుంది. పది నిమిషాలు ఓర్చుకో.”

చల్లబడితే ఒకటి దిగుతుంది, రెండు దిగుతుంది, పది దిగదు. అతనికీ తెలుసు. తెలిసే అన్నాడని అతని మొహమే చెబుతోంది.

పంతులుగారు పళ్లెంలో కర్పూరం పేర్చారు. హారతి బయట ఇద్దామండీ అంది నాగమల్లేశ్వరి. మంత్రాల హోరులో ఆ మాట కలిసిపోయింది. ఈసారి కాస్త గట్టిగా, కనీసం షట్టరు తీయించండి సార్ అని కరస్పాండెంట్‌గారిని అడిగింది. వానజల్లు కొట్టి హారతి ఆరిపోదూ, తప్పుకోమ్మా అన్నారాయన చిరాగ్గా. ఎందుకో చెప్పాలి. చెబితే బండి లేదు. చెప్పాలా వద్దా అని ఆమె తేల్చుకునేలోగానే అగ్గిపుల్ల భగ్గుమంది, కర్పూరం అంటుకుంది.

పంతులుగారు ఆరడుగుల మనిషి. మొదటి తిప్పు చక్రాల దగ్గర, రెండోది సీటు ఎత్తున తిప్పారు. మూడోది తల పైకి లేస్తుందని అందరికీ తెలుసు. పెద్దింట్లమ్మ రెండు చేతులూ చాచి ముందుకు వంగింది.

ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు. నాగమల్లేశ్వరి రెండంగల్లో వెళ్లి, పంతులుగారి చేతిలో పళ్లెం లాక్కుని, మామిడాకులు తేలుతున్న నీళ్ల బకెట్లో ముంచేసింది. వేళ్లు చురుక్కుమన్నాయి.

పూజ గంట ఆగిపోయింది. పెద్దింట్లమ్మ చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. వెలిగే హారతిని ఆడపిల్ల ఆర్పేసింది. అక్కడున్న ఏ ఒక్కరూ పుట్టి బుద్ధెరిగాక అలాంటిది చూడలేదు.

“ఏం చేశావో నీకు తెలుస్తోందా?” అన్నారు కరస్పాండెంట్‌గారు.

“గ్యాస్ కారుతోందండీ. పట్టా కింద పోగై ఉంది. ముందు అందరూ బయటికి నడవండి.”

హేమసుందర్ అనే కుర్రాడు ఫ్యాను వెయ్యబోతే, స్విచ్ ముట్టుకోకని అరిచింది. అక్కడ చిన్న నిప్పురవ్వ పుట్టినా చాలు. షట్టర్లు చేత్తోనే ఎత్తారు. తాళ్లు కోస్తే పట్టా నేలమీద పడింది. నలభై మందీ వానలో తడుస్తూ నిలబడ్డారు.

షెడ్డుకి తాళం వెయ్యమన్నారు కరస్పాండెంట్‌గారు. చెన్నై ప్రయాణం లేదన్నారు. పది నిమిషాలు ఇప్పించమని, నిజంగా కారుతోందో లేదో చూశాక తాళం వేసుకోమని నాగమల్లేశ్వరి బతిమాలింది. గాలి బాగా ఆడాక సిలిండర్ కొంచెం తెరిచి, బిగింపుల మీద సబ్బునీళ్లు పోసింది. కారితే బుడగ లేస్తుంది. మొదటిదాని మీద లేవలేదు. ఆరోదాని మీదా లేవలేదు. పన్నెండోది కూడా ఊరుకుంది. వెనక ఎవరో, అనవసరంగా శుభకార్యం చెడగొట్టిందని గొణిగారు. సిద్ధార్థ ఆమెవైపు చూడటమే మానేశాడు.

బిగించిన చోట కారదమ్మా, నమ్మిన చోట కారుద్ది అంటుండేవాడు పోలరాజు. తను చూడకుండా నమ్మింది ఏది? అనుకుంటూ ఉండగానే ఆమె చెయ్యి సీటు వెనక్కి వెళ్లి నిమ్మకాయకు తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దారమైతే వానకి తెగిపోతుందని తల్లి ఇనుపతీగకి గుచ్చింది. సీటు వెనక కట్టడానికి ఇంకేమీ దొరక్క, కూతురు ఆ తీగను గొట్టానికే చుట్టింది. కాలేజీ గ్రౌండు గుంతల్లో బండి ఎగిరిపడ్డప్పుడల్లా, నాలుగు రోజులుగా ఆ తీగ గొట్టాన్ని కోస్తూనే ఉంది. సబ్బునీళ్లు పోస్తే అన్నం గంజి పొంగినట్టు బుడగలు తన్నుకొచ్చాయి.

అందరూ ఆమె వీపు వైపున్నారు. నిమ్మకాయ పీకి పిడికిట్లో దాచుకుంటే చాలు, గొట్టం అరిగి చిల్లు పడిందంటే కాదనేవాడు లేడు. సిలిండర్ కట్టేసి, తీగతో సహా పీకి, పిడికిట్లో పట్టింది కూడా. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. నలభై మంది ప్రాణాలు, అమ్మ ప్రాణం, తన చేత్తోనే ఆ తీగకి కట్టి ఉంచింది. వెనక్కి తిరిగి చెయ్యి తెరిచింది.

“ఈ తీగ రాసుకుని గొట్టం తెగిందండీ. కట్టింది నేనే. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.”

పెద్దింట్లమ్మ తన నిమ్మకాయను గుర్తుపట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరస్పాండెంట్‌గారు ఆ నిమ్మకాయను చూశారు, కింద పడిన పట్టాను చూశారు, బకెట్లో తేలుతున్న కర్పూరాన్ని చూశారు. కండువాతో మెడ తుడుచుకున్నారు.

“షట్టర్లు దింపించింది నేను,” అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత కొత్త గొట్టం ఉందా అని అడిగారు. ఉందన్నాడు సిద్ధార్థ. “మార్చండి. రాహుకాలం పోయాక లారీ కదులుద్ది. ఈ అమ్మాయి సరేనంటేనే.”

గొట్టం మార్చి రెండుసార్లు సబ్బునీళ్లు పోశారు. ఒక్క బుడగ లేవలేదు. పన్నెండు దాటింది, వాన తెరిపిచ్చింది. పెద్దింట్లమ్మ కూతురి చేతిలోంచి నిమ్మకాయ తీసుకుంది. తీగ లాగి అవతల పారేసింది. కాయను కొంగుతో తుడిచి ముందు చక్రం కింద పెట్టింది.

“తీగకి గుచ్చింది నేను, కట్టింది నువ్వు,” అంది మెల్లగా. “ఇంక దీన్ని ఇక్కడే ఉండనీ అమ్మా.”

నాగమల్లేశ్వరి సిలిండర్ తెరిచి మీటరు ముందు కూర్చుంది. ఐదు నిమిషాలైనా ముల్లు కదల్లేదు. ఆమె తల ఊపింది. సిద్ధార్థ బండిని లారీ వైపు నడిపాడు. ఎప్పటిలాగే దానికి చప్పుడు లేదు. అందుకే చక్రం కింద నిమ్మకాయ చితికిన చప్పుడు నలభై మందికీ వినబడింది.